సగం బోరు మోటారు: ఆర్‌సీ 390 డైనో ట్యూనింగ్‌తో నాలుగున్నరేళ్లు

2021 ఫిబ్రవరిలో నా కేటీఎం ఆర్‌సీ 390 బైకును బెంగళూరు తీసుకెళ్లి డైనో (బండిని కదలకుండా కట్టి దాని శక్తిని కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేయించుకుని, తిరుగు ప్రయాణంలో గుత్తి దగ్గర మా ఊళ్లో ఆగాను. అక్కడ ఇచ్చిన కాగితం మీది గీతలను నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఎంత పెరిగింది?" అన్నారు. వెనక చక్రం దగ్గర 37.4 హెచ్‌పీ ఉండేది 40.1 అయిందని, అంటే 2.7 పెరిగిందని గర్వంగా చెప్పాను. "ఖర్చెంత?" అన్నారు. మొత్తం కలిపి ముప్పై మూడు వేలు. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "మన బోరు మోటారు ఐదు హెచ్‌పీ. అంటే ముప్పై మూడు వేలకు సగం మోటారు తెచ్చుకున్నావు" అన్నారు.

లెక్కలో తప్పు లేదు. ఆ రోజు నా దగ్గర జవాబూ లేదు. అప్పటి నుంచి బండి మరో 31,000 కిలోమీటర్లు తిరిగింది. 2025 ఆగస్టులో అదే డైనో మీదికి రెండోసారి ఎక్కింది. ఈ మధ్యలో దేశంలో పెట్రోలే మారిపోయింది. ట్యూనింగ్ చేయించిన మర్నాడు రాసే సమీక్షల మీద నాకు నమ్మకం లేదు, కొత్త చెప్పులు కొన్నవాడు కొట్టు గుమ్మంలోనే వాటి మన్నిక గురించి చెప్పినట్టు ఉంటాయి. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. బండి 2018లో కొన్నాను, బీఎస్4 పొగ నిబంధనల నాటి మోడల్. 373.2 సీసీ, ఒకే సిలిండరు, కంపెనీ లెక్కలో 43.5 పీఎస్ (హెచ్‌పీకి దగ్గరి కొలత). ఏడాది తిరగకుండానే బయట దొరికే సైలెన్సరు, గాలి ఎక్కువ పీల్చే ఎయిర్ ఫిల్టరు కొని నేనే బిగించాను. బరువు తగ్గుతుందని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి శబ్దం. ఆ రెండూ పెట్టాక ఇంజినులోకి వచ్చే గాలి పెరిగింది, ఇంజినును నడిపే చిన్న కంప్యూటరు, అదే ఈసీయూ, కొలిచి పోసే పెట్రోలు మాత్రం చాలావరకు పాత లెక్కలోనే ఉండిపోయింది. పొగ నిబంధనల కోసం ఈ తరగతి బండ్లు మామూలు వేగాల్లో ఎటూ చాలీచాలని పెట్రోలుతోనే నడుస్తాయి. ఉన్న కొరతను నేను ఇంకాస్త పెంచానన్నమాట.

ఫలితం ఏమిటంటే, నాలుగు నుంచి ఐదు వేల ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య థ్రాటిల్ (యాక్సిలరేటరు) సన్నగా తెరిస్తే బండి ఒక క్షణం ఆలోచించేది, తరువాత ఒక్కసారిగా దూకేది. వదిలితే సైలెన్సరులో పటపటమని పేలుళ్లు. సిగ్నళ్ల దగ్గర కుర్రాళ్లు ఆ పేలుళ్లను మెచ్చుకునేవారు. శ్రీశైలం ఘాట్‌లో బండి మలుపులో వాలి ఉండగా ఆ దూకుడు వస్తే మెచ్చుకునే ఓపిక ఉండదు. ఒకసారి అక్కడి నుంచి తిరిగి వస్తుంటే వెనక కూర్చున్న మా బావమరిది మన్ననూరులో దిగిపోయి, మిగిలిన దూరం బస్సులో వస్తానన్నాడు. వచ్చాడు కూడా.

డైనోకు ముందు ఒక చవక దారి తొక్కాను. 2020లో హైదరాబాద్‌లో ఒక దుకాణం వాళ్లు 19,500 రూపాయలకు పిగ్గీబ్యాక్ పెట్టె బిగించి, మీ బండికి సరిపోయే మ్యాపు ఇందులో ఉందన్నారు. పిగ్గీబ్యాక్ అంటే ఈసీయూకు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరుకు మధ్య కూర్చునే చిన్న పెట్టె. ఈసీయూ ఇచ్చే ఆజ్ఞను అది దారిలో పట్టుకుని, తన దగ్గరున్న పట్టిక చూసి కొంచెం పెంచో తగ్గించో ఇంజెక్టరుకు అందిస్తుంది. ఆ పట్టికే మ్యాపు. ఒక వైపు ఆర్‌పీఎం, ఇంకో వైపు థ్రాటిల్ ఎంత తెరిచామన్న లెక్క, ఒక్కో గడిలో ఇంత శాతం కలుపు, ఇంత శాతం తీసెయ్ అన్న అంకె. నాకు వచ్చిన పట్టిక ఎవరి బండి మీద, ఏ సైలెన్సరుతో, ఏ ఊళ్లో రాసిందో ఆ దుకాణం వాళ్లకే తెలియదు. ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా అది. నాలుగున్నర వేల దగ్గర ఉన్న తడబాటు ఐదున్నర వేలకు జరిగింది, మైలేజీ 27 నుంచి 22కు పడింది, సైలెన్సరు మూతికి మసి పట్టింది. అక్కడ ఆగి ఉంటే ట్యూనింగ్ అంటేనే మోసమని తేల్చేసేవాణ్ణి.

బెంగళూరు ట్యూనర్ కోలారు వైపు మనిషి. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతారు. వెళ్లగానే డైనో ఎక్కిస్తారనుకున్నాను. ఆయన ముందు చైను పట్టుకుని ఊపి చూశారు. "ఇంత వదులు చైనుతో డ్రమ్ము ఎక్కిస్తే గీతలో మీ చైనే కనపడుతుంది సార్, ఇంజిను కనపడదు" అన్నారు. చైను కడిగి బిగించి, టైర్లలో గాలి సరిచేసి, ఆయిలు చూసి, అప్పుడు ముందు చక్రాన్ని గాడిలో నిలిపి, నాలుగు పక్కలా బెల్టులతో కట్టారు. వెనక చక్రం కింద పెద్ద ఇనుప డ్రమ్ము. రేడియేటరుకు ఎదురుగా మనిషి ఎత్తు ఫ్యాను. సైలెన్సరులోకి ఒక వైడ్‌బ్యాండ్ సెన్సరు. మండిన పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి గాలికీ పెట్రోలుకూ ఉన్న నిష్పత్తిని అది చెబుతుంది.

మొదటి పరుగు నాలుగో గేరులో, మూడు వేల నుంచి లిమిటరు (ఇంజినును ఇక అంతకు మించి తిరగనివ్వని హద్దు) దాకా. ఆ శబ్దానికి చెవుల్లో దూది పెట్టుకోకుండా నిలబడకండి, నేను నిలబడి రెండు రోజులు బాధపడ్డాను. తెర మీద వచ్చిన టార్క్ (ఇంజిను తిప్పే బలం) గీతలో ఐదు వేల దగ్గర చెరువు తవ్వినట్టు ఒక పల్లం. అక్కడ 26 న్యూటన్ మీటర్లు. ఏడాదిగా నా మణికట్టుకు తెలిసిన సంగతిని కళ్లతో చూడడం అదే మొదటిసారి.

తరువాతి రెండు గంటలు ట్యూనింగ్ జరగలేదు. అది మొత్తం రోజులోకెల్లా విలువైన భాగమని ఇప్పుడు అనిపిస్తుంది. సెన్సరు అంకెలు అన్ని చోట్లా పెట్రోలు మరీ తక్కువని చూపిస్తున్నాయి, పాత మ్యాపు మసి కక్కిస్తున్నా సరే. ఆ పొంతన కుదరకపోవడం ఆయనకు నచ్చలేదు. బండి ఆపి, చల్లారనిచ్చి, పైపుల అతుకుల దగ్గర వెతికితే నేను బిగించిన సైలెన్సరు అతుకు దగ్గర సందు ఉంది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి చొరబడి సెన్సరును మోసం చేస్తోంది. దాన్ని పట్టించుకోకుండా పెట్రోలు పెంచుకుంటూ పోయేవాళ్లు ఉంటారు. గీత అందంగానే వస్తుంది, బండి మాత్రం తాగుబోతు అవుతుంది. మీ ట్యూనర్ మొదటి గంటలో కంప్యూటర్ ముందు కాకుండా బండి పక్కన కూర్చుంటే మంచి చోటికి వెళ్లినట్టే.

ఇక అసలు పని, అంటే అదే పెట్టెలోని పట్టికను గడిగడికీ తిరగరాయడం. డైనోలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి కేవలం బరువైన డ్రమ్ము. దాన్ని బండి ఎంత త్వరగా తిప్పగలిగిందో చూసి శక్తి లెక్కకడుతుంది. పూర్తి థ్రాటిల్ పరుగుకు అది చాలు. రెండోదానికి బ్రేకు ఉంటుంది. ఎడ్డీ కరెంటుతో డ్రమ్మును పట్టి ఉంచి, 4,500 ఆర్‌పీఎం దగ్గర థ్రాటిల్ ఇరవై శాతం తెరిచినా బండి వేగం పెరగకుండా అక్కడే నిలబెడుతుంది. అలా నిలబెడితేనే ఆ గడిలోని అంకెను సరిచేయగలరు. మనం రోడ్డు మీద తొంభై పాళ్లు బతికేది ఆ సగం తెరిచిన థ్రాటిల్ గడుల్లోనే. ఆయన ఒక్కో గడికి వెళ్లి, బండిని నిలబెట్టి, అంకె మార్చి, మళ్లీ చూసి, మధ్యమధ్యలో ఇంజిను చల్లారనిచ్చి, సాయంత్రం ఐదు దాకా అదే పని. చూసేవాడికి విసుగు. మధ్యాహ్నం నేను పక్క వీధిలో భోజనం చేసి, కునుకు తీసి వచ్చినా ఆయన 6,000 వరుస దాటలేదు. డైనో రోజుకు 13,500 తీసుకున్నారు. నా దృష్టిలో ఆ డబ్బు మొత్తం ఈ విసుగు పనికే.

చివరలో ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణం, కాస్త ముందుకు జరిపారు. లిమిటరు ఇంకో ఐదు వందలు పెంచమంటారా అని అడిగారు. గీత చూశాను. తొమ్మిది వేలు దాటాక శక్తి ఎటూ కిందికే వస్తోంది. శక్తి లేని చోట ఇంజినును తిప్పి ఏం చేసుకోవాలి? వద్దన్నాను. ఆయన ముఖంలో కనిపించిన తృప్తిని బట్టి చాలామంది పెంచమనే అంటారని అర్థమైంది. థ్రాటిల్ రెక్క ఎంత తెరుచుకోవాలన్న నిర్ణయం ఈ బండిలో తీగ ద్వారా ఈసీయూ తీసుకుంటుంది, పిగ్గీబ్యాక్ పెట్టె దాన్ని మార్చలేదు. ఈ పరిమితిని ఆయన ముందే చెప్పారు.

అంకెల గురించి ఒక హెచ్చరిక. కంపెనీ చెప్పే 43.5 పీఎస్ ఇంజినులోని క్రాంకు దగ్గరి లెక్క. గేర్లు, చైను, టైరు తమ వాటా తీసుకున్నాక వెనక చక్రానికి 37, 38 హెచ్‌పీ చేరితే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే, ఎవరూ దోచుకోలేదు. ఇంకో సంగతి, ఆ 37.4 కూడా డైనో నేరుగా కొలిచింది కాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పలచన. యంత్రం కొలిచింది 33.6 మాత్రమే. దాన్ని ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ ప్రమాణం ప్రకారం, అంటే 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల గాలికి సవరిస్తే 37.4 అయింది. అదే పరుగును ఎస్‌టీడీ అనే పాత ప్రమాణానికి సవరిస్తే మూడు, నాలుగు శాతం ఇంకా పెద్ద అంకె వస్తుంది. బండి అదే, గోడకు తగిలించుకునే అంకె వేరు. స్నేహితుడు చెన్నైలో వేరే డైనో మీద 42 చూశానంటే నేను వాదించను. కాగితం మూలన ఏ ప్రమాణమని రాసి ఉందో మాత్రం చూడమంటాను.

రోడ్డు మీదికి వస్తే, మొదటి తేడా హైవేలో తెలియలేదు, బెంగళూరు ట్రాఫిక్‌లోనే తెలిసింది. రెండో గేరులో ఆటో వెనక పాకుతుంటే బండి కుదుపు లేకుండా నడిచింది. ఐదు వేల దగ్గర 26 ఉన్న టార్క్ 30 అయింది. పైన పెరిగిన 2.7 హెచ్‌పీని నేను ఈ నాలుగున్నరేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లు వాడి ఉంటాను. ఈ నాలుగు న్యూటన్ మీటర్లను ప్రతి రోజూ, ప్రతి సిగ్నల్ దగ్గరా వాడాను. 2022లో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ఒక రోజు తిప్పినప్పుడు, ఏ మార్పూ చేయని అదే మోడల్ బండితో స్నేహితుడు వచ్చాడు. నేరుగా ఉండే దారిలో నాకు అతని మీద రెండు బండ్ల పొడవు మించి ఆధిక్యం దొరకలేదు. మలుపు మధ్యలో థ్రాటిల్ తిరిగి అందుకునే చోట మాత్రం అతను బండి స్థిమితపడే దాకా ఆగాల్సి వచ్చేది, నేను అతనికన్నా ముందే తెరవగలిగేవాణ్ణి.

ఎవరు కలిసినా రెండే ప్రశ్నలు: పికప్ పెరిగిందా, మైలేజీ ఎంత తగ్గింది? పికప్ పెరిగినట్టు కన్నా సాఫీ అయినట్టు అనిపిస్తుంది. దూకుడు పోయింది కాబట్టి మొదటి వారం బండి నెమ్మదించిందేమోనని కూడా అనుమానపడ్డాను. మైలేజీ 26 దగ్గర నిలిచింది. మూతి మసి పోయింది. పేలుళ్లు చాలావరకు ఆగాయి, కుర్రాళ్లు నిరాశపడ్డారు. వేసవి ట్రాఫిక్‌లో కాళ్లకు తగిలే వేడి కొంచెం తగ్గింది, మాయం కాలేదు. ఇంజిను లోపల వాల్వుల సందు సర్వీసులో చూపించిన ప్రతిసారీ మామూలుగానే ఉంది. పెట్టె కనెక్టరు ఒక్కసారి, 2023 వానాకాలంలో, నీరు చేరి మొరాయించింది. ఆరబెట్టి, గ్రీజు రాసి, సీటు కిందికి ఎత్తుగా కట్టాక మళ్లీ ఇబ్బంది రాలేదు.

ఇంతవరకూ బాగుంది. 2024 చివర నుంచి పాత జబ్బు తిరగబెట్టింది. ఉదయం చల్లటి ఇంజినుతో బయలుదేరితే తడబాటు, నాలుగు వేల దగ్గర అదే ఆలోచన, వదిలితే మళ్లీ పటపట. మైలేజీ 24. ఇంజెక్టరు శుభ్రం చేయించాను, ఫ్యూయల్ ఫిల్టరు మార్పించాను, ప్లగ్గు విప్పి చూస్తే కొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. అంటే మంట పలచగా, పెట్రోలు తక్కువై మండుతోందని. ఎందుకు తక్కువైందో ఇద్దరు మెకానిక్‌లకు అంతుపట్టలేదు, నాకూ పట్టలేదు.

జవాబు బంకులో ఉంది. నేను మొదటిసారి ట్యూన్ చేయించినప్పుడు పెట్రోలులో ఇథనాల్ సగటున ఎనిమిది శాతం దగ్గర ఉండేది. 2022 నాటికి పది అయింది, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం పెట్రోలు కొన్ని బంకుల్లో మొదలైంది, 2025కల్లా దాదాపు అంతటా అదే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది కిలోలు చాలు. ఇరవై శాతం కలిపిన ఇంధనానికి ఆ అంకె 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. నా మ్యాపు 2021 పెట్రోలుకు రాసింది, ఇంజినుకు దాదాపు ఐదు శాతం తక్కువ పోస్తోంది. కంపెనీ అమర్చిన ఆక్సిజన్ సెన్సరు పనిచేస్తూ ఉంటే ఈసీయూ మామూలు వేగాల్లో నిలకడగా పోయేటప్పుడు ఆ తేడాను తానే పసిగట్టి చాలావరకు సర్దుకునేది. నేను 2021లో ట్యూనర్‌తో పట్టుబట్టి ఆ సెన్సరును తప్పించాను. అది ఉంటే మ్యాపును కెలుకుతుందని ఎక్కడో చదివాను మరి. ఆయన వద్దనే అన్నారు.

అనుమానం తీర్చుకోవడానికి ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, ఇథనాల్ కలపని 100 ఆక్టేన్ పెట్రోలు నింపాను. అప్పట్లో లీటరుకు మామూలు పెట్రోలు కంటే యాభై రూపాయలకు పైగా ఎక్కువ. ఇరవై కిలోమీటర్లు తిరిగేసరికి తడబాటు సగానికి పైగా పోయింది. నెలల తరబడి మెకానిక్‌ల చుట్టూ తిరిగినదానికన్నా ఆ ఒక్క ట్యాంకు చవక.

రెండోసారి బెంగళూరు వెళ్లినప్పుడు రెండు మార్పులు చేయించాను. ఆక్సిజన్ సెన్సరు తిరిగి పెట్టించాను, మామూలు వేగాల గడులను ఈసీయూకే వదిలేసి, థ్రాటిల్ బాగా తెరిచే చోట మాత్రం పెట్టె కలగజేసుకునేలా. రెండోది, అటక మీదున్న కంపెనీ సైలెన్సరు దుమ్ము దులిపి బిగించాను. దీనికి వయసు ఒక కారణం, చట్టం ఇంకో కారణం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. మార్చిన సైలెన్సర్లను మన నగరాల్లో పోలీసులు వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించే దృశ్యాలు చూసే ఉంటారు. పదహారు వేలు పెట్టి కొన్నదాన్ని అలా చూడలేను. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే ప్రశ్నలకూ నా దగ్గర జవాబు ఉండాలి. ట్రాక్ రోజుల కోసం పెట్టెలో రెండో మ్యాపు వేరుగా ఉంచుకున్నాను, ఏడాదికి ఒకసారి వాడతానేమో.

ఈసారి మధ్యాహ్నానికే అయిపోయింది, 9,000 తీసుకున్నారు. ఐదు వేల దగ్గర 29.5 న్యూటన్ మీటర్లు. పైన 39.0 హెచ్‌పీ. మైలేజీ 25 ఇస్తోంది, ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి అంతకన్నా ఆశించడం లేదు. మీ బండికి ఏ మార్పూ చేయకపోతే, తడబాటు మిమ్మల్ని వేధించకపోతే, ఈ ఖర్చు పెట్టకండి, మంచి టైర్లు కొనుక్కోండి. ఇప్పటికే సైలెన్సరూ ఫిల్టరూ మార్చి ఉంటే డైనో తప్పదు, లేదా నాలాగా పాతది తిరిగి బిగించుకోండి. 2022కు ముందు ట్యూన్ చేయించి సెన్సరు తప్పించినవాళ్లు ఒకసారి ప్లగ్గు విప్పి రంగు చూసుకోండి.

తిరిగి వస్తూ మళ్లీ ఊళ్లో ఆగాను. నాన్న కొత్త కాగితం, పాత కాగితం పక్కపక్కన పెట్టి చూశారు. "నలభై ఉండేది ముప్పై తొమ్మిది అయింది" అన్నారు. అవునన్నాను. "డబ్బులిచ్చి మరీ తగ్గించుకొచ్చావా?" అన్నారు. ఈసారి కాగితం మడవలేదు, తాళం చెవి ఇమ్మన్నారు. వెనక్కి వచ్చి బండి దిగుతూ, మన ఊరి మట్టి రోడ్డు మీద కూడా కుదపకుండా పోతోందన్నారు. బోరు మోటారు ఊసు ఎత్తలేదు.